నిజంగానే పడ్డాను

మాణెమ్మా, చీరల పెట్టె తెరవకముందే ఇది చదువు. మోకాలు చెక్కుకుపోయింది తప్ప నాకేం కాలేదు.

వనపర్తి నుంచి గద్వాలకు నవ్వుల సైకిల్ యాత్ర, బాగా నవ్వించిన వేషానికి బహుమతి అంటే పెళ్ళికూతురి వేషంలో పోయాను. ఆత్మకూరు దాటాక కొంగు చైనులో చుట్టుకుని బురదలో పడ్డాను. "జర లేపుండ్రి, నిజంగనే పడ్డ!" అని మొత్తుకుంటే ఒక్కడూ సైకిల్ దిగలేదు. "ఏం యాక్టింగ్ జేస్తున్నవ్ జంగన్నా!" అని చప్పట్లు! పైగా నాకే మొదటి బహుమతట. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి నిజం చెబితే ఇదా మర్యాద?

బర్రె ఈనిందా?

నీ పెళ్ళిచీర అంచు ఊడింది. ఇక్కడి నేతాయన మళ్ళీ కలుపుతానన్నాడు. కలిపేదాకా గద్వాలలోనే ఉంటాను. ఫోను చేస్తే నీ తిట్లు వినాలి, అందుకే కార్డు.

బిడ్డ శ్రీజకు దీవెనలు. నీకు మాత్రం దూరం నుంచే దండం.

జంగయ్య