తొమ్మిది కిలోల తేడా

1984వ సంవత్సరం ఏప్రిల్ నెల 19వ తేదీ గురువారం నాడు, నందవరం కాపురస్తురాలు, కీర్తిశేషులు నరసప్ప భార్య హనుమంతమ్మ, వయస్సు అరవై ఆరు, జీవనం సేద్యం, రాయించిన వీలునామా.

నాకు మతి స్థిరంగా ఉంది. కండ్లు మసకబారాయి గానీ మనుషులు ఇప్పుడే బాగా కనిపిస్తున్నారు. ఇందులో ఎవరి బలవంతమూ లేదు. నేను చెబుతుంటే రాస్తున్న బడిపంతులు భీమరావుగారే దీన్ని అమలు జరిపించాలి. ఆయన నా తిట్లు వదిలేస్తానన్నారు. వదలకూడదన్నాను.

1. ఇల్లు, ఎద్దుల జత నా కూతురు సుభద్రమ్మకు. పచ్చంచు చీర కూడా ఆమెకే. అడగలేదు గానీ రెండుసార్లు అంచు తడిమి చూసింది.

2. బావి కింది అరెకరా గుమ్మడి మడి మా పాత జీతగాడు అయ్యన్నకు. ఎందుకో రాయాలి. మా ఆయన ఉన్నప్పుడు ఆ మడిలో అయ్యన్న ముప్పై ఎనిమిది కిలోల కాయ పండించాడు. ఆదోనిలో పత్తి కాటా మీద తూచారు. తీగకు ఒక్క పిందే ఉంచేవాడు. కణుపు కణుపుకూ మన్ను కప్పి వేర్లు దింపేవాడు.

మా వైపు నిండు గుమ్మడికాయకు ఆడది ముందుగా కత్తి పెట్టదు, పెడితే కీడంటారు. మా ఆయనే కోసి విత్తనం తీసేవాడు. 1977లో ఆయన పోయాక నా తమ్ముడు తిమ్మప్ప వచ్చి కోశాడు. "ఇత్తనాలు మా మిద్దె మీద ఎండబెట్టి తెస్తాలే అక్కా" అన్నాడు. తెచ్చాడు. మరుసటేడు అదే మడిలో కాయ ఏడు కిలోలు దాటలేదు. విత్తనం ఆ కాయ కడుపులోదే కదా, తప్పు సేద్యానిదే అనుకున్నాను. "నీ జీతగాడు ఎరువు అమ్ముకుంటాండాడక్కా" అని తిమ్మప్ప చెవిలో వేశాడు. నమ్మాను. ఊరందరి ముందర అయ్యన్నను దొంగ అని వెళ్లగొట్టాను.

ఈ జనవరిలో ఎమ్మిగనూరు జాతరలో తిమ్మప్ప పేరుతో ఒక కాయ ప్రదర్శనకు పెట్టారు. తొడిమ చుట్టూ, మా కాయ బాగా ఊరితేనే పడే తెల్లచుక్కల వలయం. నా కాయ! నా విత్తనం తన అత్తగారి ఊరి చేనులో పెట్టుకుని, నాకు సంత గుమ్మడి విత్తనం తెచ్చి ఇచ్చాడు. "ఎవడ్రా గుమ్మడికాయ దొంగ?" అని అరిచాను. వాడి చెయ్యి భుజం మీదికి పోయింది. ఆ సామెతను కండ్లారా చూసినదాన్ని నేనొక్కదాన్నేనేమో. పక్క కొట్టువాడి కత్తి లాక్కుని కాయను నేనే కోశాను. విత్తనాలు కొంగున కట్టుకున్నాను. నాకేమీ కాలేదు.

కోయకముందు ఆ కాయ తూకం ఇరవై తొమ్మిది కిలోలు. అదే విత్తనం అయ్యన్న చేతిలో ముప్పై ఎనిమిది. విత్తనం గొప్పదా, సేద్యం గొప్పదా అని చదువుకున్నవాళ్లు వాదించుకోనీ. ఆ తొమ్మిది కిలోలు అయ్యన్నవి.

3. కొంగున తెచ్చిన విత్తనాలు సుభద్రమ్మకు సగం, అయ్యన్నకు సగం. సుభద్రమ్మ తన కాయ తానే కోసుకోవాలి. ఎవడినీ పిలవకూడదు.

4. తిమ్మప్పకు నా ఆస్తిలో గవ్వ కూడా చెందదు. వాణ్ణి చంకనేసుకుని పెంచినదాన్ని నేను. వాడు ఇచ్చిన సంత విత్తనాలు డబ్బాలో మిగిలాయి, అవి వాడివే, వాడికి ఇచ్చేయాలి. నా కడుపు మండిపోతోంది. ఇదీ రాయండి పంతులుగారూ.

5. మడి సంగతి చెప్పడానికి, అయ్యన్న ఇప్పుడుంటున్న హాలహర్వికి పోయి అతన్ని కలిశాను. "భూమి నాకొద్దమ్మా. నేను ఎరువు అమ్ముకోలేదని నలుగురిలో సెప్పు, సాలు" అన్నాడు. మడి అతనికే రాస్తున్నాను, వద్దంటే అతని పిల్లలకు. కానీ అతను అడిగిన ఆ ఒక్క మాట నేను చచ్చేదాకా ఆగదు. ఈ రోజే వీధివాళ్లందరినీ పిలిపించాను, అయ్యన్నకూ కబురు పంపాను. అయ్యన్న ఎరువు అమ్ముకోలేదు, అతన్ని దొంగ అన్నది నేను, తప్పు నాది అని పంతులుగారు ఇప్పుడు రెండుసార్లు గట్టిగా చదువుతారు.

చదివాక, వేలిముద్రకు ముందు రాయించినది: అయ్యన్న వచ్చాడు. అరుగు కింద నిలబడి చివరిదాకా విన్నాడు. నేనే చెంబుతో నీళ్లు తెచ్చి ఇవ్వబోయాను. తీసుకోలేదు. "బస్సుకు యాళైందమ్మా" అని పోయాడు. బస్సుకు ఇంకా గంట ఉంది.

చదివించుకుని విని వేసిన ఎడమ బొటనవేలి ముద్ర: హనుమంతమ్మ

సాక్షులు: బసవన్న, రంగన్న
రాసినది: భీమరావు