చిలక్కొయ్యకున్న గజ్జెలు

అర్పితమ్మా,

సంగటి మూతేసి పెట్టినాను, తిని పో. నువ్వు బ్యాంకు పని మానేసి నాటకం నేర్చుకునే బడికి పోతున్నావని మీ నాయనకు నేనే చెప్తాను. అందుకే బేతమంగళ బస్సుకు పోతున్నాను.

చిలక్కొయ్యకున్న మీ తాత గజ్జెలు తీసుకుపో. పసుపు పెట్టి, దండం పెట్టుకొనే దించు. వాటితో వీధినాటకంలో ద్రౌపది వేషం కట్టేవాడు. పని మానేసి నాటకాల మేళంలోకే వచ్చేయమంటే, "జీతం వదిలితే పిల్లలకు కూడెట్ల?" అని గనిలోకే దిగినాడు. కింద బండ పగిలితే ఇల్లదిరి ఈ గజ్జెలు మోగేవి, ఆడోళ్ళమంతా గని కాడికి పరిగెత్తేవాళ్ళం. ఆయన తిరిగిరాని పొద్దు కూడా మోగినాయి.

గని మూసి ఎన్నేండ్లాయె! ఇంగా మోగుతానే ఉండాయమ్మా. నీ కాళ్ళతోనన్నా ఆడనీ ఆయన్ని.

మీ అవ్వ

మరిచినాను. ఒక్క మువ్వ విప్పి కొయ్యకే ఉంచు. లేకుంటే ఆయన వచ్చినాడని నాకెట్ల తెలిసేది?