పెట్టె అడుగున పరిచిన పేపరు

786
విశాఖపట్నం, పాత ఊరు
2 జూలై 1980

ప్రియమైన మహాలక్ష్మక్కకు,

నీ చెల్లెల్లాంటి చాంద్ సుల్తానా సలాములు. తొమ్మిదేళ్ళకు ఉత్తరం రాసింది, ఈవిడకిప్పుడు ఏం అవసరం పడిందో అనుకుంటావు. అవసరమే పడింది అక్కా, దాచడమెందుకు. మాకు హజ్‌కి వెళ్ళే భాగ్యం దొరికింది. రెండుసార్లు దరఖాస్తు పెట్టి, రెండుసార్లూ పేరు రాక, మా ఆయన ఇక ఆశ వదిలేసుకున్నాక ఈసారి వచ్చింది. సెప్టెంబరులో బొంబాయిలో ఓడ ఎక్కాలి. సముద్రం మీద ఎనిమిదో తొమ్మిదో రోజులట.

పుట్టి పెరిగింది సముద్రం ఒడ్డునే గానీ నేను ఓడ ఎక్కిందెప్పుడు? నజీర్ అహ్మద్ గారి సంగతి నీకు తెలుసు కదా. ముప్పై ఏళ్ళుగా రేకు పెట్టెలు చేస్తున్నాడు. పోర్ట్ బ్లెయిర్ వెళ్ళేవాళ్ళకి ఎన్ని చేసి ఇచ్చాడో లెక్కలేదు. పెట్టె చెయ్యడం వచ్చు గానీ అందులో ఏం పెట్టుకోవాలో మాత్రం తెలీదు. అడిగితే "బట్టలు" అంటాడు! నాకు తెలిసినవాళ్ళలో సంసారం మొత్తం పెట్టెలో సర్దుకుని ఓడ దిగిన మనిషివి నువ్వొక్కదానివే. అరవై ఐదులో బర్మా దేశం రంగం నుంచి వచ్చి, బిడ్డ చెయ్యి పట్టుకుని, మూత ఊడిన పెట్టె బాగుచేయించుకోడానికి మా కొట్టు ముందు నిలబడ్డావు. ఆ రోజే మా వెనక వాటాలో దిగావు. ఆరేళ్ళు ఒకే కుళాయి నీళ్ళు తాగాం.

అందుకని అడుగుతున్నాను. ఓడకి ఏం పట్టుకెళ్ళాలి? ఏం వద్దు? వాంతులైతే ఏం తినాలి? మీ తమ్ముడు గంగరాజు ఎలా ఉన్నాడు? వాళ్ళ పిల్లలు, నీ మోకాలి నొప్పి, గేదె, అన్నీ బాగున్నాయా? ఉత్తరం ఎవరిచేతైనా చదివించుకుని జవాబు రాయించు. ఎదురుచూస్తుంటాను.

నీ చెల్లెలు
చాంద్ సుల్తానా


ఆనందపురం
13 జూలై 1980

సుల్తానమ్మకి మహాలక్ష్మమ్మ రాయించినది. నాను సెప్పింది సెప్పినట్టు రాయమన్నాను, తప్పులుంటే నావే.

మంచి కబురు సెప్పినావమ్మా. నా కళ్ళంట నీళ్ళొచ్చీసినాయి. ఓడకి ఏటి పట్టికెళ్ళాలని అడిగినావు కదా, విను. పెట్టె సగమే నింపు. అందరూ సేసే తప్పు అదే, మూత మీద కూకుని మరీ నొక్కీస్తారు. మళ్ళీ వచ్చినప్పుడు ఏటి పెట్టుకుంటావు? పేరు మూత మీద రాయిస్తే సాలదు, మూత లోపల కూడా రాయించు. మీదది సముద్రం గాలికి రేగిపోద్ది. సెంబు ఒకటి పట్టికెళ్ళు, దానికి పొడుగు తాడు కట్టు. ఉప్పులో ఊరబెట్టిన నిమ్మకాయలు ఎండబెట్టి మూటగట్టుకో. కడుపులో తిప్పితే బుగ్గన పెట్టుకో, మరే మందూ పనిచెయ్యదు. పాత సీరలు నాలుగు పట్టికెళ్ళు, ఎందుకో ఓడెక్కినాక నీకే తెలుస్తాది. మొదటి రెండు రోజులూ ఎంత ఆకలేసినా సగం కడుపే తిను. రంగం నుంచి నాను ఇత్తడి బిందెలు మోసుకొచ్చినాను గానీ తాగడానికి గ్లాసు మర్చిపోయినాను. అంత తెలివి.

రేవులో తనిఖీ కాడ అందర్నీ తడుముతారు. రంగంలో నా సెవులవీ, ముక్కుదీ తీసీసుకున్నారు, సీర కుచ్చిళ్ళు కూడా విప్పి సూసినారు. నాను అప్పుడు సచ్చిపోయినంత పనైపోనాది. నువ్వు సిగ్గుపడకు, తప్పు సెయ్యనోళ్ళకి సిగ్గేటి?

ఇంకో మాట సుల్తానమ్మా. మా సిట్టి తీసినదానికి నీ మొహం సూడలేకే ఆ ఊరు ఒగ్గీసి వచ్చీసినాను. మీ యింటి అన్నం తిని మీ అమ్మగారి జుంకాలు తీసిందంటే, కన్నదాన్ని, నానెక్కడ తలెత్తుకోవాలి? నువ్వు దేవుడి కాడికి ఎళ్తన్నావు. ఎళ్ళేముందు నన్నూ, నా బిడ్డనీ మాఫ్ సేసెయ్. మనసులో పెట్టుకోకు.

మహాలక్ష్మమ్మ
(వేలిముద్ర)


786
విశాఖపట్నం
26 జూలై 1980

అక్కా,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. రంజాను రోజా ఉన్నాను కాబట్టి మధ్యాహ్నాలు పొయ్యి పనిలేదు. రోజూ ఆ టైముకి తీసి చదువుతున్నాను. నిమ్మకాయల దాకా చదవగలుగుతాను. ఆఖరి మాటలకి వచ్చేసరికి కాగితం మడిచేస్తాను.

ఈ ఉత్తరం చదివిపెట్టే బాబూ, మీరెవరో నాకు తెలీదు. ఆ గుండ్రటి దస్తూరి చూస్తే బడిపంతులేమో అనిపించింది. ఇక్కణ్ణుంచి కాస్త మెల్లగా చదవండి, పక్కింటికి వినపడకుండా. కానీ ఒక్క మాట కూడా వదిలెయ్యకండి.

అక్కా, చిట్టి జుంకాలు తియ్యలేదు.

అవి నా దగ్గరే ఉన్నాయి. ఆ ఏడు విజయనగరం పెళ్ళికి వెళ్ళేముందు, ఇల్లు తాళం వేసి పోతున్నాం కదా అని నేనే దాచాను. ఎప్పుడూ బియ్యం డబ్బాలో పెట్టేదాన్ని, ఈసారి మా ఆయన కొత్తగా చేసిన పెట్టెలో, అడుగున పరిచిన పేపరు కింద పెట్టాను. తిరిగొచ్చాక డబ్బాలో చూశాను, లేవు. పెట్టె సంగతే గుర్తు రాలేదు. చిట్టి ఒకటి గుర్తొచ్చింది. కుట్టుమిషను నేర్చుకోడానికి రోజూ నా దగ్గరకి వచ్చేది కదా, పెళ్ళికి ముందు ఆ జుంకాలు అద్దం ముందు పెట్టుకుని చూసుకుంది. పదమూడేళ్ళ పిల్ల, చూసుకోదా మరి! నేనే పెట్టుకోనిచ్చాను, నేనే నవ్వాను. తర్వాత నేనే కుళాయి ముందుకి లాక్కొచ్చాను. పక్కింటి రసూల్ బీ దాని చేతులు పట్టుకుంది, నేను దాని ఓణీ దులిపాను, సంచీ బోర్లించాను. దారపుండ ఒకటి, సుద్దముక్క ఒకటి పడ్డాయి. అప్పుడే నువ్వు బుట్ట దించి వచ్చావు. "తీసినావా?" అని ఒక్కసారే అడిగావు. అది లేదంది. నువ్వు చీపురు తీశావు. రంగం రేవులో నీ చీర విప్పి చూసిన సంగతి నువ్వు నాకు ఎన్నిసార్లు చెప్పుకుని ఏడ్చావో నాకు ఆ క్షణంలో గుర్తుంది. గుర్తుండీ నిన్ను ఆపలేదు.

మీరు వెళ్ళిపోయిన నాలుగు నెలలకి, రంజానుకి పెట్టె దులిపి పేపరు మారుస్తుంటే దొరికాయి. వెంటనే పరుగెత్తుకు రావాల్సింది. రేపు వెళదాం అనుకున్నాను. రేపు అనుకుంటూనే ఏడాది గడిచింది. ఏడాది గడిచాక ఇప్పుడేం మొహం పెట్టుకుని అనుకున్నాను. మళ్ళీ ఆ పేపరు కిందే పెట్టేశాను. తొమ్మిదేళ్ళుగా మా అమ్మ జుంకాలు చెవికి పెట్టుకోలేదు అక్కా, పెట్టుకుంటే వీధికి తెలిసిపోతుందని. అంత పిరికిదాన్ని. ఇప్పుడు హజ్‌కి పెట్టెలన్నీ ఖాళీ చేస్తున్నాం. పోయిన నెల ఒక శుక్రవారం, యాత్రకి వెళ్ళేవాళ్ళందర్నీ కూర్చోబెట్టి మా మసీదు పెద్దాయన చెప్పాడు. దేవుడికి చేసిన తప్పు దేవుడు మాఫ్ చేస్తాడు, మనిషికి చేసిన తప్పు ఆ మనిషే మాఫ్ చెయ్యాలి, అది లేకుండా వెళ్ళి తిరిగొచ్చినా వెళ్ళనట్టే అన్నాడు. మొదటి ఉత్తరం అందుకే మొదలుపెట్టాను. ధైర్యం చాలక నిమ్మకాయల గురించి అడిగి ఊరుకున్నాను. దానికి నువ్వు నన్ను మాఫ్ చెయ్యమని రాయించావు. ఇంతకంటే నాకు వేరే శిక్ష ఏముంది?

మాఫ్ చేశానని ఒక్క మాట రాయించు. చిట్టికి నువ్వే ఎలాగో చెప్పుకో. మా ఆయనకి తెలీదు, వీధికి తెలీదు. ఈ వయసులో నలుగురి నోళ్ళలో పడలేను. నీకూ నాకూ మధ్యే ఉండనీ అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటాను.

చాంద్ సుల్తానా


ఆనందపురం
6 ఆగస్టు 1980

చాంద్ సుల్తానా గారికి,

చిట్టమ్మ రాస్తున్నది. పోయిన ఉత్తరం రాసింది కూడా నేనే, బడిపంతులు కాదు. పగలు మామయ్య కొట్లో కూరగాయలు అమ్ముతూ, ప్రైవేటుగా పదో తరగతి పాసయ్యాను. మా వీధిలో అందరి ఉత్తరాలూ నేనే చదువుతాను, నేనే రాస్తాను. మీ మొదటి ఉత్తరం కూడా నేనే చదివాను. అందులో గేదెతో సహా అందర్నీ అడిగారు. నన్ను అడగలేదు.

"మా సిట్టి తీసినదానికి" అని అమ్మ చెప్పినప్పుడు రాయనని అనొచ్చు. రాశాను. తియ్యలేదని చెప్పీ చెప్పీ ఎప్పుడో మానేశాను. అమ్మ నన్ను తిట్టదు, దెప్పదు, ప్రాణంగానే చూస్తుంది. కానీ గంగరాజు మామయ్య ఇంట్లో గ్లాసు కనబడకపోయినా ముందు నా వైపు చూసి, తర్వాత వెతుకుతుంది.

మీ ఉత్తరం వచ్చేసరికి అమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. మెల్లగా చదవమన్నారు. నేను గట్టిగా చదివాను. మామయ్యా అత్తా బయటికి వచ్చారు, పక్కింటివాళ్ళు గోడ దగ్గరికి వచ్చారు. "చిట్టి జుంకాలు తియ్యలేదు" అన్న చోట అమ్మ "మళ్ళీ సదువు" అంది. మళ్ళీ చదివాను. ఇంకోసారి చదవమంది. మూడోసారీ చదివాను. అమ్మ లేచి వచ్చి నా వీపు మీద చెయ్యి వేసి తడిమింది, చీపురు దెబ్బలు ఇంకా అక్కడే ఉన్నాయేమో అన్నట్టు. "నువ్వు తొమ్మిదేళ్ళు సెప్తే నమ్మనేదే, ఆవిడ ఒక్కసారి రాస్తే నమ్మినాను" అని ఏడ్చింది. మీ మీద కోపంతో కాదు, తన మీద కోపంతో ఏడ్చింది. దానికి మిమ్మల్ని ఎలా మాఫ్ చెయ్యాలో నాకు తెలీడం లేదు.

అమ్మ రాయమన్నది రాస్తున్నాను: మా అమ్మ మిమ్మల్ని మాఫ్ చేసింది. కానీ కుళాయి దగ్గర నిలబడింది అమ్మ కాదు. మీ పెద్దాయన చెప్పింది నిజమైతే మీరు అడగాల్సింది నన్ను. నాకో అలవాటు పడింది. ఎవరింటికి వెళ్ళినా, వచ్చేటప్పుడు గుమ్మంలో ఆగి కొంగు విప్పి దులుపుతాను. పెళ్ళిళ్ళకి వెళ్ళినా అంతే. అందరూ శుభ్రం ఎక్కువ అనుకుంటారు. మిషను మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు.

మాఫ్ చేశానని రాద్దామంటే చెయ్యి రావడం లేదు. రాని మాట రాయను. ఒకటి అడుగుతాను. మీరు బయలుదేరే రోజు వీధంతా సాగనంపడానికి వస్తుంది కదా. ఆ రోజు ఆ జుంకాలు చెవులకి పెట్టుకుని, కుళాయి ముందు నుంచి నడిచి వెళ్ళండి. మీరు నోరు విప్పి ఏమీ చెప్పక్కర్లేదు. వీధే చూసుకుంటుంది. ఓడకి సర్దుకోవాల్సినవాటిలో అమ్మ ఇదొకటి చెప్పలేదు, తెలీక. అమ్మా నేనూ వస్తాం, చూస్తాం.

చిట్టమ్మ


786
బొంబాయి, ముసాఫిర్‌ఖానా
18 సెప్టెంబరు 1980

చిట్టి తల్లికి,

రేపు పొద్దున్న ఓడ. ఈ హాల్లో హజ్‌కి వెళ్ళే మాలాంటివాళ్ళు వందల మంది, మధ్యలో పెట్టెలు. మా పెట్టె మూతకి లోపలా బయటా పేరుంది, సగమే నింపాను. మీ అమ్మకి చెప్పు.

ఈ పెట్టె కొత్తది. నీ ఉత్తరం వచ్చిన రోజు ఆయన పాత పెట్టెకి రంగు వేస్తున్నాడు. నేను చదివి వినిపించాను, ముందు నీది, తర్వాత నేను మీకు రాసింది గుర్తున్నంత వరకూ. ఆయన కుంచె పక్కన పెట్టాడు. "నా చేత్తో చేసిన పెట్టెలో పెట్టావా?" అన్నాడు. మూడో రోజు రేకు కోసి కొత్త పెట్టె మొదలుపెట్టాడు. ఆ పాతది మోసుకుని అక్కడికి రానన్నాడు.

మేం బయలుదేరిన రోజు సంగతి నువ్వు చూశావు గానీ, నువ్వు మీ అమ్మ వెనక నిలబడ్డావు, అన్నీ కనబడ్డాయో లేదో. కొంగు చెవుల వెనక్కి దోపుకుని గుమ్మం దిగాను. కుళాయి ఇరవై అడుగుల దూరం. ముందు రసూల్ బీయే చూసింది. "ఏటే సుల్తానా, ఇయి ఆ జుంకాలేనేటి?" అంది. నోరు విప్పక్కర్లేదని నువ్వు రాశావు. విప్పాను. "అవే. పోలేదు. నా పెట్టెలోనే ఉన్నాయి. చిట్టి తియ్యలేదు, దొరికాక కూడా నేనే చెప్పకుండా దాచాను" అన్నాను. రసూల్ బీ తన చేతులు చూసుకుంది, నిన్ను పట్టుకున్న చేతులు. దండలు తెచ్చినవాళ్ళలో ఇద్దరు వెయ్యకుండానే వెళ్ళిపోయారు. వాళ్ళని తప్పుపట్టను.

తర్వాత మీ అమ్మ వచ్చి నన్ను పట్టుకుంటే నువ్వూ లోపలికి వచ్చావు. మిషను పక్కనున్న స్టూలు మీదే కూర్చున్నావు. టీ తాగావు. మిషను మీద గుడ్డ తీసి చక్రం ఒక్కసారి తిప్పి వదిలేశావు. జుంకాలు నీకిచ్చేద్దామని మనసులో అనిపించింది, కానీ ఇస్తే లంచమిచ్చినట్టు ఉంటుందని ఊరుకున్నాను. అవి నా చెవులకే ఉన్నాయి, ఇక తియ్యను. నువ్వు ఎండు నిమ్మకాయల మూట నా చేతిలో పెట్టి "దగ్గరుంచుకోండి, పెట్టెలో పెట్టకండి" అన్నావు. అంతే అన్నావు. మాఫ్ చేశానని అనలేదు. నేనూ మళ్ళీ అడగలేదు, అడిగే హక్కు నాకు లేదు. అక్కడికి వెళ్ళాక నా దువా దేవుడు వింటాడో లేదో నాకు తెలీదు.

కానీ తల్లీ, నువ్వు వెళ్ళేటప్పుడు నేను గుమ్మం లోపల నిలబడి చూశాను. గడప దగ్గర ఆగావు. నీ చెయ్యి కొంగు మీదకి వెళ్ళింది. ఆ కొంగు అలాగే నడుములో దోపుకుని, దులపకుండా వెళ్ళిపోయావు.

చాంద్ సుల్తానా