ఒకే కేకు మీద ఇద్దరి చేతా ఊదించవద్దని

సింగటోకా లోయ,
ఆగస్టు 2023.

లోయ ఆసుపత్రి పెద్ద డాక్టరు, తెలుగు సంఘం అధ్యక్షురాలు కాంత గారి సముఖమునకు

అయ్యా,

(తమరు ఆడమనిషి అని నాకు తెలుసు. అర్జీ అంటే ‘అయ్యా’ అనే మొదలుపెట్టాలని మా నాన్న నేర్పాడు. ‘అమ్మా’ అని రాస్తే ఇంటి ఉత్తరం అయిపోతుంది.)

విషయం: ఉప్పుచెమట జబ్బు గల నా మనవరాలు శోభనను, అదే జబ్బు గల జైని ఒక గదిలో, ఒక బల్ల మీద, ఒక కేకు ముందు కూర్చోబెట్టరాదని కోరుట గురించి.

వంకాయ రైతును, ఆదివారం బడిలో నాలుగక్షరాలు దిద్దినవాడిని అయిన కేశవ నాయుడు విన్నవించుకొనునది ఏమనగా: ఉగాది నాడు తమరు స్టేజీ ఎక్కి “మన భాష బతకాలి, నాకు తెలుగులోనే రాయండి” అని ఉపన్యాసమిచ్చి యున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరూ రాయలేదు. నేను రాస్తున్నాను. చదవడం కష్టమైతే తమ తల్లిగారి చేత చదివించుకోగలరు.

1. జబ్బు పేరు సిస్టిక్ ఫైబ్రోసిస్ అని తమరే చెప్పి యున్నారు. నాకు నోరు తిరగదు. శోభన పసిదిగా ఉన్నప్పుడు ముద్దు పెట్టుకుంటే నుదురు ఉప్పగా తగిలేది, సముద్రపు గాలి అనుకున్నాం. పోయిన ఏడు సముద్రం దాటి ఆక్లాండ్ తీసుకుపోతే అక్కడి ఛాతీ డాక్టరు విడమర్చి చెప్పాడు. ఈ జబ్బు ఒకరి నుండి ఒకరికి అంటదు, పుట్టుకతో వచ్చేది. కానీ వీళ్ళ ఊపిరితిత్తుల్లో జిగురు పేరుకుంటుంది, అందులో పురుగులు కాపురం పెడతాయి. ఒకరి పురుగు దగ్గుతో పోయి ఇంకొకరిలో దూరితే మందుకు లొంగదు. నాకూ తమరికీ ఆ పురుగు ఏమీ చేయదు. అంటే ఈ పిల్ల లోకంలో ఎవరి పక్కనైనా కూర్చోవచ్చు, తనలాంటి వాళ్ళ పక్కన తప్ప. అది విని శోభన, “నా బాధ తెలిసినవాడొక్కడే నాకు పనికిరాడన్నమాట,” అని నవ్వింది. నేను నవ్వలేదు.

2. తమరు దయగలవారు. ఆ దయ మీదనే నా ఫిర్యాదు. ఒకే జబ్బు కదా, ఒకరికొకరు తోడుంటారని ఇద్దరికీ మంగళవారమే వేసి ఒకే బల్ల చూపించి యున్నారు. పోయిన మంగళవారం శోభన వచ్చి కూర్చోగానే జై లేచి బయటికి పోయి ఎండలో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వాడిలో మొండి పురుగు చేరిందని వాడికి తెలుసు. నర్సు బిమ్లా పోయి చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

“అరే, సిగ్గెందుకు రా? అమ్మాయి కొరుకుతుందా?”

“సిగ్గు కాదు సిస్టర్, దగ్గు,” అన్నాడు వాడు.

నేను అడ్డం పోతే నర్సు నా మీదికి తిరిగింది. “ఏం ఆజా, ఇంత తాతవయ్యావు, బలరాంతో ఆ ఎద్దు గొడవ ఇంకా చల్లారలేదా? పిల్లల మీద కూడానా?”

3. ఎద్దు విషయము. జై, బలరాం మనవడు. నా ఎద్దు బలరాం వంకాయ తోట మేసిన మాట వాస్తవము. ఆ వంకాయలు ఎద్దుకు తప్ప ఎందుకూ పనికిరావని నేను అన్న మాట కూడా వాస్తవము. అప్పటినుండి మేమిద్దరం ఒక గిన్నె దగ్గర కూర్చుని యంగోనా వేరు పిసికిన నీళ్ళు తాగలేదు. సంఘం మీటింగులో నేను తలుపు దగ్గర, వాడు కిటికీ దగ్గర. అయితే ఈ అర్జీకీ ఆ ఎద్దుకూ సంబంధం లేదని మనవి. ఎండలో నిలబడ్డ ఆ పిల్లవాడిని చూసిన సాయంత్రమే నది దాటి బలరాం ఇంటికి పోయాను. వాడు కొబ్బరి చిప్పతో యంగోనా అందించి, “నీ ఎద్దు ఎలా ఉంది?” అన్నాడు.

“పోయింది,” అన్నాను.

“పాపం, రుచి తెలిసిన ఎద్దు,” అన్నాడు.

అంతటితో రాజీ అయినది.

4. పిల్లలు మాట్లాడుకోరాదని నా కోరిక కాదు. నది ఇరుకైన చోట ఈ ఒడ్డున శోభన, ఆ ఒడ్డున జై కూర్చుని అరుచుకుంటారు. “జై, నీ గొంతు కప్పలా ఉంది, మందు పీల్చావా?” “నీది గాడిదలా ఉంది, ముందు నువ్వు పీల్చు!” అక్కడ వాళ్ళకు ఏ ప్రమాదమూ లేదు, నా చెవులకే. కరోనా కాలంలో తమరే దుకాణాల ముందు పసుపు గుండ్రాలు గీయించి మమ్మల్ని కోళ్ళలా ఒక్కొక్క గుండ్రంలో నిలబెట్టి యున్నారు. నేను నిలబడ్డాను. ఇప్పుడు నేను గీయమంటున్నది రెండే గుండ్రాలు.

5. అసలు సంగతి ఇది. సంఘం పండుగకు అచ్చువేసిన పిలుపు వచ్చింది. శోభనకూ జైకీ ఒకే శాలువా కప్పుతారట. ఒకే కేకు మీద కొవ్వొత్తులు ఇద్దరి చేతా ఒకేసారి ఊదించి, మన ఆసుపత్రి వైద్యం ఎంత గొప్పదో జనానికి చూపిస్తారట. డాక్టరుగారూ, ఈ ఆలోచన ఎవరికి వచ్చిందో వారిని ఒకసారి నాకు చూపించండి. కోపం లేదు, ఊరికే చూడాలని ఉంది. తమరికే వచ్చి ఉంటే అద్దంలో తమరే చూసుకోగలరు.

కావున శోభనకు మంగళవారం ఉంచి జైకి గురువారం వేయవలెను. నడుమ గది తుడిచి కిటికీలు తెరిచి ఉంచవలెను. పండుగలో ఒకరు స్టేజీ మీద, ఇంకొకరు ఇంట్లో ఉండి ఫోనులో తెర మీద కనిపించవలెను. శాలువా వృథా కాకూడదు కనుక అది నాకూ బలరాంకూ కలిపి కప్పవచ్చు. కేకు కూడా మా ముందే పెట్టండి. నాకు పళ్ళు లేవు, వాడికి దమ్ము లేదు, కొవ్వొత్తులు ఆరేసరికి ఆలస్యమైతే భోజనాలు మొదలుపెట్టుకోవచ్చు.

నది అవతలికి వినిపించేలా అరిచే ఊపిరి ఆ పిల్లకు ఇంకా ఉంది. అది తగ్గితే నేను తట్టుకోలేను. ఇంతకంటే రాయడం నాకు చేతకాదు.

ఇది చిత్తగించి, ఎద్దును మరిచిపోవలెను.

తమ విధేయుడు (ఈ ఒక్క విషయంలో),
కేశవ నాయుడు

నేను కూడా: బలరాం
(సంతకం వాడే పెట్టాడు. వంకర వాడి చేతిది, కాగితానిది కాదు.)

తా.క.: ఇదంతా శోభనకు చదివి వినిపించాను. “ఆజా, స్టేజీ మీద జైని కూర్చోబెట్టమను, వాడికి శాలువాలంటే సరదా. నేను ఫోనులో ఉంటా,” అంది. అటు జై కూడా బలరాంతో, శోభననే స్టేజీ ఎక్కించమన్నాడట. పొద్దుటి నుండి నది మీద ఇదే కొట్లాట, ఇద్దరూ తగ్గడం లేదు. మేం ముసలాళ్ళం ఒక్క ఎద్దు తగువు తేల్చుకునేసరికే ముసలైపోయాం. దీన్ని నువ్వే వచ్చి తేల్చాలి తల్లీ. నది దగ్గరికి రా, చిప్ప కడిగి ఉంచుతాం.