అవ్వ పెట్టె బీగం ఊడింది

నాయనా, వెల్డింగ్ అంగడాయన కటింగ్ మిషన్ తీసుకొని వస్తే వెనక్కి పంపేయ్. సంగటి గిన్నెలో ఉంది, పప్పు వేడి చేసుకో.

బీగంచెవి పోయిన అవ్వ ట్రంకుపెట్టెను నేనే తెరిచాను. ఆ బీగం శానా మాయదారిది. తెరుచుకుంటున్నట్టే సగం తిరిగి ఆగిపోయేది. ఈ పొద్దున ఒక కమ్మితో తిప్పిపట్టిన బిగువు కాస్త వదిలి, లోపల మొండికేసిన పిన్నును ఇంకో కమ్మితో మళ్లీ నెట్టాను. టక్కుమని ఊడింది. బీగానికి గీత కూడా పడలేదు. "ఆ కమ్ములతో గెలుకుతా కూర్చుంటే ఏమొస్తాది ఎస్తేరూ" అంటివి కదా. ఇప్పుడు వచ్చి చూడు.

పెట్టెలోంచి తన పెండ్లి చీర తీసుకుని అవ్వ మడతలు విప్పి చూసుకునింది. తర్వాత "కోయకుండానే తీస్తివి గదమ్మీ" అనింది.

జమ్మలమడుగులో అత్త బీరువా కూడా తెరుచుకోలేదంట. నన్నే రమ్మనింది, పోతాండా.

ఎస్తేరు

అవ్వ ఆ చీర కట్టుకొని వసారాలో కూర్చుంది. నవ్వొద్దు. బాగుందని చెప్పు.