పసుపంటిన చదరంగం పెట్టె

తమ్మీ శ్రీశైలం,

నేను, పెద్దక్కను. నువ్వు వెళ్లి ఏడాదిన్నర అయింది. ఏటి సూతకం తీరింది. నువ్వు లేని రెండో దసరా కూడా దాటిపోయింది. నీకు రాయాలని చాలాసార్లు కూర్చున్నాను, రాసి ఏం చేస్తానని లేచాను. ఈరోజు మాత్రం రాయకుండా ఉండలేకపోతున్నాను.

ముందు ఒక పొద్దు గుర్తు చేయనా? గొప్ప పొద్దేమీ కాదు. ఏదో ఒక ఆదివారం.

గుడి నుంచి వస్తూ మీ ఇంట్లో కాలు పెట్టాను. చేతిలో కొబ్బరిచిప్ప ఉంది. అమ్మ గడప పక్కన కూర్చొని చింతపండులో గింజలు తీస్తోంది. వంటింట్లో సుజాత పోపు వేస్తోంది, ఇల్లంతా ఘాటు. బాపు మగ్గం గుంట మీద పరిపించిన బండ లేదూ, దాని మీద నువ్వు బాసింపట్టు వేసుకొని కూర్చున్నావు. వెనక చదరంగం పెట్టెలతో నిండిన నీ అద్దాల బీరువా, ముందు బాపు పాత తువ్వాల. దాని మీద పాండిచ్చేరి నుంచి కొత్తగా వచ్చిన పెట్టెలోని బొమ్మలు.

కొత్తగా అంటున్నాను కానీ, వందేళ్లు దాటిన పెట్టె అన్నావు. ఎవరో ఫ్రెంచివాళ్ల ఇల్లు ఖాళీ చేస్తుంటే పాతసామాను దుకాణానికి వచ్చిందట. సగం బొమ్మలు వెన్న రంగు, సగం నలుపు. ఒక్కొక్కటే పొడిగుడ్డతో తుడుస్తున్నావు. రాజును నా అరచేతిలో పెట్టావు.

“చూడక్కా… ఇంగ్లీషోళ్ల రాజు నెత్తి మీద సిలువ ఉంటది. వీళ్ల రాజుకు ఏం లేదు, ఉత్త గుండే. ఆ నడుము జూడు, ఆ కట్లు జూడు. బాపు కండె లెక్క లేదా?”

నిజమే. నూలు చుట్టని కండెలాగే ఉంది. చిన్నప్పుడు అరుగు మీద సుద్దతో గళ్లు గీసి, బాపు పారేసిన విరిగిన కండెలతో ఆడేవాడివి. పెద్దయ్యాక ఏ దేశం బొమ్మలు చూసినా నీకు ఆనలేదు. ఫ్రాన్సు బొమ్మలు చూశాక అవే కూడబెట్టావు. ఎందుకో ఆ పొద్దు తెలిసింది నాకు.

“గిది శకటు. ఆ దేశపోళ్లు దీన్ని పిచ్చోడంటరట. రాజుకు గీ పక్క మంత్రి, గా పక్క పిచ్చోడు. మా ఆఫీసు లెక్కనే!”

వంటింట్లోంచి సుజాత అంది గుర్తుందా? “మీ తమ్మునికి ఆ కట్టెల మీదున్నంత పాయిరం నా మీద లేదు వదినా!”

“కట్టెలు ఎదురు మాట్లాడయి గదా!” అన్నావు. లోపల గరిటె గట్టిగా చప్పుడైంది. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.

నాకు ఎప్పటిలాగే గుర్రం నడక నేర్పబోయావు. “రెండు గళ్లు ముందుకు, ఒకటి పక్కకు. గింతే అక్కా! గీ మాత్రం రాదా?” నా జపం నాకు చాలు పో అన్నాను. లేచి వస్తుంటే బొమ్మల గురించి అమ్మకు చెబుతున్నావు. “నీళ్లు వద్దు, నూనె వద్దు, ఎండ వద్దు. పొడిగుడ్డ ఒక్కటే. యాదిపెట్టుకో.” అమ్మ తల ఊపింది.

అంతే ఆ పొద్దు. ఇంకేమీ లేదు. ఆ వారంలోనే నిన్ను దవాఖానకు తీసుకుపోయాం… ఆ మాట ఇక్కడ ఆపేస్తాను.

ఆ తర్వాతి సంగతులు చెప్పాలి కదా.

నీ ఉద్యోగం సుజాతకు ఇచ్చారు. నల్లగొండలో. వచ్చే నెల చేరాలి. రెండు గదుల పోర్షన్ కిరాయికి చూసుకుంది. ఇక్కడి ఇల్లు కిరాయికి ఇచ్చేయాలి. అమ్మ నా దగ్గరకు వస్తుందనే అందరం అనుకున్నాం. అమ్మ మాత్రం నీ బీరువా ముందు చాప వేసుకుంది. “నా కొడుకు సామాను యాడుంటే నేనాడ” అంది.

సుజాతేమో, “గిన్ని పెట్టెలు పెట్టుకొని ఆ రెండు గదుల్ల నేనేడ పండాలె?” అంది. హైదరాబాదులో పాత చదరంగాలు కొనే ఒకాయనకు తానే ఫోన్ చేసింది, పెట్టెలన్నీ తీసుకుపొమ్మని. ఆ రోజు నుంచి అమ్మ సుజాతతో మాట్లాడటం మానేసింది. అన్నం వడ్డిస్తే తింటుంది. మాట ఉండదు.

వాళ్లిద్దరి నడుమ నేను. తెల్లవారి లేచి దీపం పెడతాను. జపానికి కూర్చుంటాను. నాలుగు పూసలు తిప్పేసరికి మనసు మీ ఇంటికి పోతుంది. మళ్లీ మొదటి పూస. మళ్లీ అదే. దేవుడి ముందు కూర్చొని బీరువా గురించి ఆలోచించే మనిషిని అయ్యాను. ఎవరిని తప్పు పట్టాలి? పిల్లలు లేరన్న మాట మీ ఇద్దరి నోటా ఎప్పుడూ వినలేదు. నువ్వు పెట్టెలు తెచ్చుకున్నావు. ఆ పిల్ల ఏం తెచ్చుకుంది?

ఇట్లా ఉండగా దసరా వచ్చింది.

మనం మగ్గం పెట్టుకున్న రోజుల్లో దసరాకు బాపు ఏం చేసేవాడో నీకు తెలుసు. మగ్గం కడిగి, పసుపు పూసి, నాడెకు, కండెలకు, రాట్నానికి బొట్లు పెట్టేవాడు. ఆ ఒక్కరోజు పనిముట్లకు పని చెప్పేవాడు కాదు. ఇప్పుడు మగ్గం లేదు, బాపు లేడు. సుజాత పండుగకు పుట్టింటికి పోయి ఉంటే, అమ్మ ఏం చేసిందంటే… బీరువా కింది అర ఒక్కటే ఆమె చేతికి అందుతుంది. అందులో ఉన్న పాండిచ్చేరి పెట్టె తీసింది. బొమ్మలన్నీ పీట మీద వరసగా నిలబెట్టింది. తడి పసుపు పూసి కుంకుమ పెట్టింది. రాజుకు, మంత్రికి, నీ పిచ్చోడికి, ఒక్క బంటును కూడా వదలకుండా.

నేను వెళ్లేసరికి అగరొత్తి పొగలో నిలబడి ఉన్నాయి. అమ్మ నా వైపు తిరిగి, “మగ్గం లేకపాయె. ఇవే గదా వాని పనిముట్లు” అంది.

తమ్మీ, నువ్వైతే ఏమనేవాడివి?

పొడిగుడ్డతో తుడిచి చూశాను. రంగు కట్టెలోకి దిగింది. గుర్రాల మెడ మీది గీతల్లో కుంకుమ ఉండిపోయింది. అమ్మకు ఏమీ చెప్పలేదు. పెట్టె మూసి లోపల పెట్టాను. నాకు నిద్ర లేదు. సుజాత చూస్తే ఏమంటుంది? ఆ వచ్చే మనిషి చూస్తే?

ఆ మనిషి ఈ ఉదయం వచ్చాడు. నీకు తెలిసినవాడే. “మంచిది ఒక్కటి కనబడితే నాకంటే ముందే ఎత్తుకపోతడక్కా” అని నువ్వు తిట్టుకునేవాడివే, ఆయనే. తెల్లజుట్టు, మెత్తటి మాట. చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కొని, తుడుచుకొని మరీ ముట్టుకున్నాడు. ఒక్కో పెట్టె తెరిచి చాలాసేపు చూశాడు. “ఎంత బాగ పెట్టుకున్నడమ్మా” అన్నాడు. నువ్వు వినాల్సిన మాట.

చివరికి కింది అర తెరిచాడు. పసుపు రాజును వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. అమ్మ ఆయన మొహమే చూస్తోంది. నేను సుజాత మొహం చూస్తున్నాను. పసుపు సంగతి ఆ పిల్లకూ అప్పుడే తెలిసింది.

“ఫికర్ లేదమ్మా. పైపైన గీకిపిచ్చి మళ్ల పాలిష్ కొట్టిస్త. కొత్తగైతది” అన్నాడు.

సుజాత లేచింది. ఆయన చేతిలోంచి రాజును తీసుకొని పెట్టెలో పెట్టింది. “గీకుడేంది సార్? మా అత్తమ్మ పెట్టిన బొట్టు అది. గిది అమ్మేది గాదు.”

ఒక్క పెట్టె కూడా వెంట తీసుకుపోనని నెల రోజులుగా అంటున్న పిల్ల తమ్మీ! ఆయన నొచ్చుకోలేదు. చాయ తాగాడు. మిగతావాటి సంగతి సాయంత్రానికి చెప్పమని వెళ్లిపోయాడు.

దీపాల వేళకు ముగ్గురం బండ మీద కూర్చున్నాం. ముందు సుజాతే మొదలుపెట్టింది.

“కొత్త పెట్టె అచ్చిందంటే మొదటి ఆట నాతోనే వదినా. ఆడకపోతే పెట్టె ఇంట్ల కలువదనేటోడు. ఎప్పుడు నన్నే ఓడగొట్టేటోడు. గీ పాండిచ్చేరి పెట్టె మీద ఆట కాలే. ఆదివారం బొమ్మలు తుడిచిండు. రాత్రికి ఆడుదామన్నడు. నేనే… పనుందన్న.”

సుజాతకు చదరంగం వచ్చని నాకు ఎందుకు చెప్పలేదు నువ్వు? ఇన్నేళ్లు ఆమె వంటింట్లో విసుక్కుంటోందనే అనుకున్నాను. రాత్రుళ్లు మీ ఇంట్లో ఆట నడిచేదా?

అమ్మ ఆ ఫోన్ చేసిన రోజు నుంచి మొదటిసారి సుజాతకేసి చూసింది. “ఖరాబు చేసిన్నా బిడ్డా?” అంది.

“ఏం కాలే అత్తమ్మా. మనింటి పెట్టెని తెలుస్తది” అంది సుజాత.

మేం తీర్మానించుకున్నది చెబుతాను, విను. మిగతా పెట్టెలన్నీ ఆయనకే ఇస్తాం. చేతులు కడుక్కొని ముట్టుకునే మనిషి, బాగా చూసుకుంటాడు. నీకు కోపం వస్తుందా? ఆయన చేతికేనా అంటావా? బీరువా నేను తెచ్చుకుంటాను. పసుపు పెట్టె సుజాతతో నల్లగొండకు పోతుంది. పెట్టె ఎక్కడుంటే తానక్కడ అన్న మాట అమ్మ మళ్లీ అంది, కాబట్టి అమ్మ కూడా. “రెండు గదులు చాలుతయ, లేవ?” అని అడిగింది. “గీ గదిల నువ్వు, గా గదిల పెట్టె, నడుమల నేను పండుకుంట తియ్” అంది సుజాత. ప్రతి దసరాకు అమ్మ బొట్టు పెడుతుంది. దానికీ ఒప్పుకుంది నీ భార్య.

ఇంకొకటి. సామాను ఎత్తే ముందు, వచ్చే ఆదివారం, ఆ పెట్టె మీద మొదటి ఆట ఆడాలి. ఒక వైపు సుజాత. రెండో వైపు ఎవరని అమ్మ అడిగింది. ఇద్దరూ నా వైపు తిరిగారు.

రెండు గళ్లు ముందుకు, ఒకటి పక్కకు… ఇందాక సుజాత చూపించింది. మూడుసార్లు తప్పు పెట్టాను. గుర్రం మెడలోని కుంకుమ వేలికి అంటింది. ఆదివారం లోపల నేర్చుకుంటాను తమ్మీ. ఓడిపోతే నవ్వకు.

నీ పెద్దక్క