గుండప్ప ఊపిరి

చాంపియన్ రీఫ్స్,
4 మార్చి 1996

ప్రియమైన అక్కకు,

బావ గుండప్పను బుట్టలో పెట్టుకుని బస్సెక్కాక ఇల్లు బోసిపోయిందని రాయాలి. నిజానికి నిశ్శబ్దమైంది, అంతే. వాడి గురకలో బంగారు గని సైరను కూడా వినిపించేది కాదు.

బంగళా ఖాళీ చేస్తూ వాడిని నాకిచ్చిన ఇంజనీరు, వాడి వంశపత్రం కూడా ఇచ్చిపోయాడు. అందులో నాలుగు తరాల పేర్లున్నాయి. మన ముత్తాత పేరు నాన్నకే తెలియదు. పగ్ జాతి కుక్కకు ఇంగ్లీషు పేరుంటే, నాన్న ఆ మడతల మొహం చూసి, “అచ్చం మా పాత హెడ్‌క్లర్కు గుండప్పే” అని పేరు మార్చేశాడు.

పొద్దున అయిదున్నర రైలుకు బెంగళూరు కాలేజీకి పోయి రాత్రికి ఇల్లు చేరే నేను వాడినెలా చూసుకోను? నీ దగ్గరుంటే నాకు నిశ్చింత. మొహం మడతల్లో తడి నిలవకూడదు. రోజూ తడిబట్టతో తుడిచి, పొడిబట్టతో అద్దు. రాగిముద్ద ఎక్కువ పెట్టకు, లావెక్కుతాడు. గురకకు భయపడకు. అది ఆ జాతి లక్షణం.

నీ చెల్లెలు,
వత్సల

ఆవని,
17 మార్చి

ప్రియమైన వత్సలకు,

గుండప్పను చూడడానికి సగం ఊరు వచ్చిపోయింది. పసిబిడ్డలకు నీళ్లు పోసే చిన్నవెంకటమ్మ నీకు గుర్తుండాలి. నా ఇద్దరు పిల్లలనూ ఆమే కాళ్ల మీద పడుకోబెట్టుకుని పెంచింది. వాడి గడ్డం పట్టుకుని చూసి, “ఏం జలజమ్మా, పుట్టకముందే ముసిలోడై పోయినాడు. ఏం కష్టమొచ్చిందప్పా వీనికి?” అంది.

ఆ మడతలు చూశాక ఆమె చేతులు ఊరుకోలేదు. “బిడ్డ మెడ మడత మాదిరే ఉండాది. నూనె పెట్టకుంటే పాసిపోతాది” అని రోజూ ఆముదం రాస్తోంది. నా చెల్లెలు వద్దంటుందేమో అంటే, “ఇన్నూరు మంది బిడ్డలకు పోసినాను, ఒక్కర్ని పోగొట్టుకోలే. నీ చెల్లెలు కాలేజీలో ఎంతమందికి పోసిందంట?” అని అడిగింది.

నిన్న నా వెంట నేను పాఠాలు చెప్పే బడిదాకా నడిచి వచ్చేసరికి వాడి నాలుక నీలంగా మారింది. నీడలో పడుకోబెడితే సర్దుకుంది. ఇది కూడా జాతి లక్షణమేనా? ఆదివారం ఒకసారి వచ్చి చూడు.

ఎదురుచూస్తూ,
జలజక్క

చాంపియన్ రీఫ్స్,
26 మార్చి

ప్రియమైన అక్కకు,

ముందు ఆ ఆముదం ఆపించు. మడతల్లో జిడ్డు నిలిస్తే పుండవుతుంది. ఆ రెండు వందల మంది లెక్క కుక్కలకు పనికిరాదని ఆమెకు చెప్పు.

నాలుక సంగతి ఎండవల్లే అయివుంటుంది. చల్లని నీళ్లు పెట్టు. ఈ ఆదివారం రాలేను. వారమంతా రైల్లో నిలబడి నిలబడి, ఆదివారం మంచం దిగాలనిపించదు. మా పెట్టెలో గని మానేసినవాళ్లు దగ్గుతూ ఉంటారు. ఎవరు ఎంత లోతులో పనిచేశారో దగ్గు విని నాన్న చెప్పగలడు. నాకు ఆ విద్య వద్దు. ఈ ఊరు, ఈ దగ్గు, రెండూ వదిలి బెంగళూరులోనే గది చూసుకోవాలి.

వాడిని నా తరఫున ముద్దుచేస్తావని,
వత్సల

ఆవని,
9 ఏప్రిల్

ప్రియమైన వత్సలకు,

నువ్వు చెప్పిందే అయింది. ముక్కు మీది మడత విప్పి చూస్తే లోపల పచ్చిపుండు, కుళ్లిన వాసన. ఒక కన్ను పాలపొరలా తెల్లబడింది. ముళబాగిలు పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాను. మడత మీది వెంట్రుకలు కంటికి గీసుకుంటున్నాయని చెప్పి, పుండు కడిగి, చుక్కలమందు ఇచ్చారు. ఊపిరి గురించి అడిగేలోపల డాక్టరు ఈనలేని ఆవు దగ్గరికి పరుగెత్తాడు.

చిన్నవెంకటమ్మ తల దించుకుంది. “నూనె నా తప్పే అమ్మా. ఇంగ పెట్టను.” మడతల్లో తడి నిలవకూడదని నువ్వు రాసిన ముక్క రెండుసార్లు చదివించుకుంది.

కానీ వాడు పడుకోలేకపోతున్నాడు వత్సలా. కూర్చునే కునుకు తీస్తాడు. ఒరిగితే ఊపిరాడక ఉలిక్కిపడి లేస్తాడు. ఇంతకుముందు ఎవరైనా డాక్టరు చూశాడా? చూసివుంటే ఏమన్నాడు? వెంటనే రాయి.

జలజక్క

ఆవని,
28 ఏప్రిల్

వత్సలకు,

నీ జవాబు రాలేదు. గుండప్ప మంగళవారం పోయాడు.

నేను బడిలో ఉన్నాను. చిన్నవెంకటమ్మ వాడికి నీళ్లు పోసి, తడి పూర్తిగా ఆరాలని నిప్పుల మీద సాంబ్రాణి వేసి, బిడ్డలకు పట్టినట్టే మొహానికి పొగ పట్టిందట. గింజుకుంటే బిడ్డలు మారాం చేసినట్టే అనుకుంది. నేను వచ్చేసరికి వాడిని ఒడిలో పెట్టుకుని గడప మీద కూర్చుని ఉంది.

ఆ రోజు నుంచి ఆమె ఎవరింటికీ పోవడం లేదు. శ్రీనివాసప్ప ఇంట్లో పదకొండు రోజుల బిడ్డ ఉంది. వాళ్లు పిలిస్తే తలుపు తీయకుండానే, “ఈ చేతులతో ఇంగ ఏ బిడ్డనూ తాకను, పొండప్పా” అందట. వీధిలో అప్పుడే, “ఆ చెయ్యి ఇంగ మంచిది కాదు” అంటున్నారు. నలభై ఏళ్లు ఆమె బతికింది ఆ చేతులతోనే.

జలజ

చాంపియన్ రీఫ్స్,
3 మే

ప్రియమైన అక్కకు,

ఈ ఉత్తరం చిన్నవెంకటమ్మకు. ఆమెకు చదువు రాదు కనుక నువ్వు చదవాలి. శ్రీనివాసప్ప ఇంటివాళ్లను కూడా కూర్చోబెట్టి చదువు.

అవ్వా, జనవరిలో నేను గుండప్పను కోలారులో ఒక డాక్టరుకు చూపించాను. ఆయన అన్న మాటలు ఇవి: “ముక్కు రంధ్రాలు పుట్టుకతోనే సన్నం. మొహం చప్పిడిగా, మడతలుగా ఉండాలని తరతరాలుగా ఏరి ఏరి జత కలిపితే ఇట్లా పుడతాయమ్మా. ఎండలు ముదిరేలోగా బెంగళూరులో ఆపరేషన్ చేయించు. ఎండ, పొగ, పరుగు, ఏదైనా ప్రాణం మీదికి తెస్తుంది. ఎవరి చేతికిచ్చినా ఈ మాట చెప్పి ఇయ్యి.” చీటీ కూడా రాసిచ్చాడు.

రోజూ బెంగళూరుకే పోతూ నేను ఆ పని చేయించలేదు. చెబితే బావ వద్దంటాడని అక్కకు చెప్పలేదు. అక్క అడిగినప్పుడు మూడుసార్లు ఇన్లాండ్ కవరు ముందేసుకుని కూర్చున్నాను. మూడుసార్లూ చింపేశాను.

పొగ వాడికి పడింది అని అబద్ధం చెప్పను. కానీ నీకు తెలియదవ్వా. నాకు తెలుసు. నేను చెప్పివుంటే నువ్వు నిప్పులే తెచ్చేదానివి కాదు. పోయి ఆ బిడ్డకు నీళ్లు పొయ్యవ్వా. నూనె, పొగ మాత్రం డాక్టరును అడగకుండా వద్దు.

అక్కా, ఆదివారం మొదటి బస్సుకు వస్తాను. అంతకుముందే ఇది చదివెయ్యి. నేను వచ్చి నోటితో చెబితే, ఆమె నన్నే దగ్గరికి తీసుకుని ఓదారుస్తుంది. అది నాకు వద్దు.

వత్సల